మాఘ బహుళ అమావాస్య, శనివారం

సిద్ధార్థి నామ సంవత్సరం, మాఘ బహుళ అమావాస్య, శనివారం, ధనిష్ఠా నక్షత్రం. ఇంగ్లీషు తేదీ 1980 ఫిబ్రవరి 16. పంచాంగంలో ఇది ఒకే ఒక్క వరుస. ఆ రోజు మధ్యాహ్నం చంద్రుడి నీడ కర్ణాటక తీరాన నేలమీదికి వచ్చింది. రాయచూరు దాటి పాలమూరులో అడుగుపెట్టి, నల్లగొండ మీదుగా ఈశాన్యానికి సాగి, ఒడిశా తీరాన సముద్రంలో కలిసింది. నీడ పట్టీ వెడల్పు వంద కిలోమీటర్ల పైచిలుకు. ఆ పట్టీలో ఉన్న ఊళ్లన్నీ పట్టపగలు చీకటి చూశాయి. హైదరాబాదు మాత్రం దాని ఉత్తరపు అంచుకు కాస్త అవతల ఉండిపోయింది. శాస్త్రవేత్తలు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలకు దూరదర్శినులు మోసుకొచ్చారు. జనం చాలామంది తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు.

పంచాంగకర్త ఆ వరుసను ఏడాది ముందే రాసి అచ్చుకిచ్చాడు. అంత ముందుగా, ఆకాశం వైపు తలెత్తకుండా, అది ఎలా రాయగలిగాడు? అదే ఒక్క వరుసను విప్పి, అందులోని పనితనాన్ని భాగాలుగా చూద్దాం.

పంచాంగానికి అంగాలు ఐదు: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. వీటిలో వారం ఒక్కటే చంద్రుడితో పనిలేనిది. సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడో చెప్పేది తిథి. పన్నెండు డిగ్రీల ఎడం పడితే ఒక తిథి పూర్తయినట్టు. అందులో సగం, అంటే ఆరు డిగ్రీలు, కరణం. ఆకాశపు వలయాన్ని ఇరవై ఏడు సమభాగాలు చేస్తే చంద్రుడు ఏ భాగంలో ఉన్నాడో అది నక్షత్రం. సూర్యచంద్రుల స్థానాలను కలిపి అంతే కొలత ముక్కలతో భాగిస్తే వచ్చేది యోగం. అంటే సూర్యుడెక్కడ, చంద్రుడెక్కడ అన్న రెండు సంఖ్యలు చేతికొస్తే నాలుగు అంగాలూ వాటంతటవే తేలుతాయి. పనంతా ఆ రెండు సంఖ్యలు పట్టుకోవడంలోనే ఉంది. సూర్యుడు చెప్పినమాట వినే మనిషి. తంటా చంద్రుడితోనే.

మొదటి మెట్టు అహర్గణం. కలియుగం మొదలైందని చెప్పే రోజు నుంచి ఈ రోజు దాకా గడిచిన రోజుల లెక్క ఇది. 1980 ఫిబ్రవరి 16కు ఆ సంఖ్య 18,55,820. లెక్క సరిగా కట్టామా లేదా చూసుకోవడానికి సిద్ధాంతులు చేసే పరీక్ష ముచ్చటైనది. కలి మొదలైంది శుక్రవారం. అహర్గణాన్ని ఏడుతో భాగించి, మిగిలిన రోజులను శుక్రవారం నుంచి ముందుకు జరపాలి. ఇక్కడ మిగిలేది ఒకటి. శుక్రవారానికి ఒకటి కలిపితే శనివారం. వారం సరిపోయింది కాబట్టి ముందుకు పోవచ్చు. ఇంత పొడుగు లెక్కలో ఒక్క రోజు తప్పినా ఇక్కడే దొరికిపోతుంది. పంచాంగంలో చంద్రుడితో పనిలేని ఆ ఒక్క అంగమే చంద్రుడి లెక్కకు కాపలా కాస్తుంది.

రెండో మెట్టు మధ్యమ చంద్రుడు. సూర్య సిద్ధాంతం ప్రకారం మహాయుగం 43,20,000 సంవత్సరాలు. అందులో రోజులు 157,79,17,828. చంద్రుడు నక్షత్రాల మధ్య చుట్టే చుట్లు 5,77,53,336. అహర్గణాన్ని చుట్లతో గుణించి రోజులతో భాగిస్తే మన అమావాస్యకు 67,924 పూర్తి చుట్లు పోయి, సుమారు 298 డిగ్రీలు మిగులుతాయి. చుట్లను వదిలేసి ఆ మిగులును ఉంచుకుంటారు. చంద్రుడు ఎప్పుడూ ఒకే వేగంతో నడిచేవాడైతే ఆ ముందటి అర్ధరాత్రి అక్కడ ఉండేవాడు.

ఈ పెద్ద సంఖ్యల కూర్పును ఇంకొంచెం దగ్గరగా చూడాలి. చంద్రుడి చుట్లలోంచి సూర్యుడి చుట్లు 43,20,000 తీసేస్తే 5,34,33,336 వస్తుంది. అవి చాంద్రమాసాలు. అందులోంచి సౌరమాసాలు 5,18,40,000 తీసేస్తే మిగిలే 15,93,336 అధికమాసాలు. చాంద్రమాసాలను ముప్పైతో గుణిస్తే తిథులు. తిథుల్లోంచి రోజులు తీసేస్తే 2,50,82,252. సూర్యోదయాన్ని అందుకోలేక జారిపోయే తిథుల లెక్క అది. ఎక్కడా భిన్నం లేదు, మిగులు లేదు. సందు కనిపించకుండా చెక్కకు చెక్క కూర్చిన వడ్రంగి పని ఇది. ఇంతకీ కొలత ఎంత నిక్కం? రోజులను చాంద్రమాసాలతో భాగిస్తే ఒక నెల సగటున 29.530588 రోజులు. ఈ కాలపు కొలతతో పోలిస్తే తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. తరతరాలుగా గ్రహణాలు చూసి, రాసి పెట్టుకుంటే తప్ప అంకెలు ఈ నిలకడకు రావు.

మధ్యమం దొరికింది గానీ చంద్రుడు అక్కడ ఉండడు. భూమి చుట్టూ ఆయన దారి కొంచెం సాగిన వలయం. దగ్గరి కొస సుమారు 3,56,500 కిలోమీటర్లు, దూరపు కొస 4,06,700. దగ్గరికి వచ్చినప్పుడు రోజుకు పదిహేను డిగ్రీలు దాటి పరుగెత్తుతాడు, దూరం పోయినప్పుడు పన్నెండుకు లోపే నడుస్తాడు. సిద్ధాంతకర్తలకు దీర్ఘవృత్తం తెలియదు. పెద్ద వృత్తం మీద ఒక చిన్న వృత్తాన్ని తిప్పి అదే పని చేయించారు. పెద్దది 360 భాగాలైతే చిన్నదాని చుట్టుకొలత సుమారు 32. దూరపు కొసకు వాళ్లు పెట్టిన పేరు చంద్రోచ్చ. అదీ నిలకడగా ఉండదు, దాదాపు తొమ్మిదేళ్లకు ఆకాశాన్ని ఒక చుట్టు చుడుతుంది. ఉచ్చ నుంచి చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో చూసి, దాని జ్యను (సైన్ విలువను) పట్టికలోంచి తీసి, మధ్యమానికి కలపడమో తీసేయడమో చేస్తే వచ్చేది స్ఫుట చంద్రుడు. ఈ సవరణ పేరు మందఫలం. అది అయిదు డిగ్రీలను కొద్దిగా దాటుతుంది, అంతే.

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన సంగతి ఉంది. దీర్ఘవృత్తం వల్ల రావలసిన సవరణ నిజానికి ఆరు డిగ్రీలను మించుతుంది. సిద్ధాంతం అయిదు దగ్గరే ఎందుకు ఆగింది? సూర్యుడి లాగుడు వల్ల చంద్రుడికి ఇంకో ఒడిదుడుకు ఉంది, సుమారు ఒకటింపావు డిగ్రీ. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అది మొదటి సవరణకు ఎదురు నిలిచి దాన్ని అయిదు డిగ్రీల దాకా దించుతుంది. గ్రహణాలు పట్టేది ఆ రెండు రోజుల్లోనే. పూర్వులు తమ లెక్కను గ్రహణాల మీదే పరీక్షించుకున్నారు కాబట్టి, తప్పు బయటపడే రోజులకు సరిపోయే విలువనే పట్టుకున్నారు. అష్టమి ప్రాంతంలో లెక్క పక్కకు జరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని నిలదీసే గ్రహణమేదీ ఉండదు.

ఈ తేడా తిథుల నిడివిలో కనిపిస్తుంది. తిథి సగటు నిడివి 23 గంటల 37 నిమిషాలు. పాత పద్ధతిలో 'బాణవృద్ధి, రసక్షయం' అంటారు. అరవై ఘడియల మీద అయిదు పెరగవచ్చు, ఆరు తగ్గవచ్చు. కంటికి కనిపించే చంద్రుణ్ణి పట్టి లెక్క కట్టే దృక్ పద్ధతిలో అది 'సప్తవృద్ధి, దశక్షయం'. ఏడు పెరగవచ్చు, పది తగ్గవచ్చు. గంటల్లోకి మారిస్తే ఇంచుమించు ఇరవై గంటల నుంచి 26 గంటల 48 నిమిషాల దాకా. ఈనాటి ఖగోళ గణితం చెప్పే హద్దులు సరిగ్గా ఇవే.

మన అమావాస్య పొట్టి తిథుల్లో ఒకటి. చంద్రుడు దగ్గరి కొసకు చేరువలో ఉన్నాడు, వేగంగా నడుస్తున్నాడు. అమావాస్య ముందు రోజు సాయంకాలం మొదలై శనివారం మధ్యాహ్నం 2 గంటల 21 నిమిషాలకే ముగిసింది. మధ్యలో పడ్డ సూర్యోదయం ఒక్కటే కాబట్టి ఆ రోజుకు దాని పేరే వచ్చింది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజుకు ఆ పేరు. పొట్టి తిథి రెండు సూర్యోదయాల నడుమ ఇమిడిపోతే ఏ రోజుకూ దాని పేరు రాదు, పొడుగు తిథి రెండు రోజులకు తానే పేరవుతుంది. పండుగలకైతే వేరే కట్టుబాట్లున్నాయి. శివరాత్రికి చతుర్దశి అర్ధరాత్రి ఉండాలి, వినాయక చవితికి చవితి మధ్యాహ్నం ఉండాలి, దీపావళికి అమావాస్య పొద్దుగూకిన వేళకు ఉండాలి. సద్దుల బతుకమ్మ ఈ రోజా రేపా అని కొన్నేళ్లు వాడవాడలా వాదన నడుస్తుంది. దాని వెనక ఉన్నది చంద్రుడి వేగంలోని ఈ హెచ్చుతగ్గులే. అందుకు పంచాంగాన్ని తిట్టే ముందు ఒక మాట. తిథిని సరిగ్గా ఇరవై నాలుగు గంటలు చేసి పారేస్తే వాదన ఉండదు, కానీ పౌర్ణమి నాడు నిండు చంద్రుడూ ఉండడు.

నక్షత్రం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇరవై ఏడు గళ్లు, చంద్రుడు గడికి సుమారు ఒక రోజు ఉంటాడు. అవే గళ్లను సూర్యుడు ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజుల్లో దాటుతాడు. అది కార్తె. పురోహితుడు చూసేది చంద్రుడి గడి, రైతు చూసేది సూర్యుడి గడి. మిరుగు వచ్చిందా అని మబ్బులకేసి చూసే పాలమూరు రైతూ, ముహూర్తానికి నక్షత్రం చూసే అయ్యగారూ ఒకే పటం మీద వేళ్లు పెడుతున్నారు. అమావాస్య ఘడియలో మాత్రం రెండు వేళ్లూ ఒకేచోట పడతాయి. ఆ శనివారం చంద్రుడిది ధనిష్ఠ, నడుస్తున్నది ధనిష్ఠ కార్తె.

నెలల కట్టుబడిలో కష్టం వేరు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు చిల్లర. సూర్యుడి ఏడాదికి దాదాపు పదకొండు రోజులు తక్కువ. పట్టించుకోకపోతే బతుకమ్మ ఏటేటా ముందుకొస్తూ ఎండాకాలంలో పడుతుంది. అప్పుడు తంగేడు, గునుగు ఎక్కడి నుంచి తేవాలి? దీనికి కనిపెట్టిన ఉపాయం ఎంత తేలికైనదంటే, ఏడాదిని లెక్కించే పనే లేదు. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య సూర్యుడు ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి అడుగుపెట్టాలి. ఏ నెలలో అడుగుపెట్టలేదో అది అధికమాసం. దానికి వెనకొచ్చే నెల పేరే ఇచ్చి, ముందు అధిక అని తగిలిస్తారు. సగటున ముప్పై రెండున్నర నెలలకు ఒకటి తనంతట తానే వచ్చి పడుతుంది. 2020లో అధిక ఆశ్వయుజం వచ్చింది. ఎప్పుడూ పది రోజుల ఎడంలో ఉండే పెత్రమాస (భాద్రపద అమావాస్య), దసరాలు సెప్టెంబరు 17న ఒకటి, అక్టోబరు 25న ఒకటి పడ్డాయి. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలు ఎప్పుడు ఆడాలన్న చర్చ ఊరూరా సాగింది.

అదే ఊళ్లో ఇంకో చంద్రమానం కూడా నడుస్తుంది. పీర్ల పండుగ నెల నెలవంక కనబడితే మొదలవుతుంది. అందులో అధికమాసం లేదు. అందుకే పీర్లు ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తూ వానల్లోనూ చలిలోనూ ఎండలోనూ లేస్తాయి, ముప్పై మూడేళ్లకు మళ్లీ అదే కాలానికి చేరతాయి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బతుకమ్మ పేర్చిన ఇంటివాళ్లే పీర్ల గుండం చుట్టూ ఆడతారు. చంద్రుడి వెంట కచ్చితంగా పోయే క్యాలెండర్ ఒకటి, చంద్రుణ్ణీ పంటకాలాన్నీ జోడించి నడిపేది ఇంకొకటి. పని రెండింటిలోనూ చక్కగానే ఉంది, కోరుకున్నది వేరు.

చాంద్రమానంలో నడిచే జాతరలకు ఇక్కడ కొదవ లేదు. నల్లమలలో సలేశ్వరం చైత్ర పౌర్ణమికి, మన్యంకొండ మాఘ పౌర్ణమికి, కురుమూర్తి దీపావళి వెళ్లాక. చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గర ప్రతి అమావాస్యకూ జనమే. నెలనెలా చెరువుగట్టు ఎక్కేవారికి ఒక సందేహం రావాలి. అమావాస్య అంటే సూర్యచంద్రులు ఒకే దిక్కున ఉండటమే కదా, మరి నెలనెలా గ్రహణం ఎందుకు పట్టదు?

ఎందుకంటే చంద్రుడి దారి సూర్యుడి దారికి అయిదు డిగ్రీల పైచిలుకు వాలుగా ఉంది. రెండు దారులూ రెండు చోట్లే కలుస్తాయి. వాటికే రాహువు, కేతువు అని పేర్లు, గణితంలో పాతాలు. అవి చంద్రుడికి ఎదురు దిక్కున జరుగుతూ పద్దెనిమిదిన్నర ఏళ్ల పైచిలుకులో ఒక చుట్టు పూర్తిచేస్తాయి. అమావాస్య వేళకు చంద్రుడు పాతం దగ్గర ఉంటేనే నీడ భూమిని తాకుతుంది. పైగా చంద్రుడు సూర్యుడికంటే నాలుగు వందల రెట్లు చిన్న, ఇంచుమించు నాలుగు వందల రెట్లు దగ్గర. బింబాలు దాదాపు సమానం. చంద్రుడు దూరపు కొసలో ఉంటే నీడ మొన నేల దాకా రాదు, ఉంగరంలా సూర్యుడు మిగిలిపోతాడు. ఆ శనివారం మూడు షరతులూ కుదిరాయి: అమావాస్య, పాతం, దగ్గరి కొస.

అన్నీ సరే, ఒక చిక్కు మిగిలింది. అమావాస్య 2.21కి ముగిసిందని చెప్పుకున్నాం. అంటే సూర్యచంద్రులు ఒకే రేఖ మీదికి వచ్చింది ఆ క్షణానే. కానీ నల్లగొండలో సూర్యుడు పూర్తిగా మాయమైంది దాదాపు మూడు ముప్పావుకు. గంటకు పైగా ఆలస్యం! పంచాంగం తప్పలేదు. లెక్క కట్టింది భూమి కేంద్రం నుంచి, మనం చూసేది భూమి పైపొర నుంచి. చంద్రుడు దగ్గర కాబట్టి మన చోటు మారితే ఆయన చోటూ మారినట్టు కనిపిస్తుంది. ఆకాశం దిగువన ఉన్నకొద్దీ ఈ జరుగుడు పెరుగుతుంది, దాదాపు ఒక డిగ్రీ దాకా. మధ్యాహ్నం దాటాక సూర్యుడు పడమట వాలి ఉంటాడు. చంద్రుడు అంతకంటే కిందికి, పడమటికి జారినట్టు కనబడతాడు. ఆయన నడక తూర్పుకు. జారినంత మేరా మళ్లీ నడిచి వచ్చి సూర్యుణ్ణి అందుకోవాలి. దానికి పట్టే సమయమే లంబనం. పొద్దున పట్టే గ్రహణంలో ఇదే తలకిందులై, అమావాస్య ముగియకముందే గ్రహణం వస్తుంది. సూర్య సిద్ధాంతంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. లంబనం గరిష్ఠంగా నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాలు. ఆ శనివారం నల్లగొండకు వచ్చింది సుమారు మూడున్నర ఘడియలు. ఉత్తర దక్షిణాల జరుగుడుకు నతి అని వేరే లెక్క. ఏ ఊరు నీడలో, ఏ ఊరు వెలుపల అన్నది అది తేలుస్తుంది. హైదరాబాదును అంచుకు అవతల నిలిపింది ఈ లెక్కే. దూరదర్శిని లేని కాలంలో, భూమి గుండ్రనిదని, దాని సైజు ఇంతని, చంద్రుడి దూరం ఇంతని ఒక అంచనా లేనిదే ఈ అధ్యాయం రాయడం కుదరదు.

ఈ లెక్కను కొత్త చూపుతో సరిచేయాలని పట్టుబట్టిన ఒక మనిషి ఈ సీమకే వచ్చి గ్రహణం చూశాడు. చింతామణి రఘునాథాచారి పంచాంగకర్తల ఇంటి బిడ్డ, మద్రాసు అబ్జర్వేటరీలో మొదటి సహాయకుడు. 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనిపెట్టాడు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడని పుస్తకాలన్నీ చెబుతాయి. అదే గ్రహణానికి రఘునాథాచారి వనపర్తిలో దూరదర్శిని నిలిపాడు. ఆకాశంలో కనిపించేదానికీ పంచాంగంలో అచ్చయ్యేదానికీ తేడా ఉండకూడదని దృగ్గణిత పంచాంగం వెలువరించాడు. ఇవాళ మన ఇళ్లలో మేకుకు వేలాడే పంచాంగాలు చాలావరకు ఆ దారివే. గుంటూరు గురించి రాసిన వాళ్లు వనపర్తి గురించి నాలుగు మాటలు రాయకపోవడం అన్యాయం.

సముద్రం లేని ఈ ఎత్తు నేలల్లో చంద్రుడి లాగుడు తెలిసేదెలా అనుకోవచ్చు. నల్లగొండ రాతిగుట్టలు కూడా రోజుకు రెండుసార్లు లేచి దిగుతాయి, ఒక్కోసారి ఇరవై ముప్పై సెంటీమీటర్ల దాకా. చుట్టూ ఉన్న నేలంతా కలిసి లేస్తుంది కాబట్టి మనకు తెలియదు. ఈ పోట్ల రాపిడికి భూభ్రమణం మెల్లమెల్లగా నెమ్మదిస్తోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు. 1969 నుంచి చంద్రుడి మీద పెట్టిన అద్దాలకు లేజరు కొట్టి ఈ దూరం కొలుస్తున్నారు. భూమీ చంద్రుడూ ఇలా మారుతుంటే, ఎంత బాగా బిగించిన గణితమైనా అప్పుడప్పుడు ఆకాశంతో సరిచూసుకుని సవరించుకోక తప్పదు.

ఆ పని మీరూ చేయవచ్చు. 2028 డిసెంబరు 31 రాత్రి మనకు సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. చంద్రగ్రహణానికి లంబనం పట్టదు, ఎందుకంటే అక్కడ నీడ పడేది చంద్రుడి మీదే. ఎక్కడి నుంచి చూసినా ఒకే వేళకు కనిపిస్తుంది. ఆ రోజు పంచాంగం తీసి పౌర్ణమి ఎప్పుడు ముగుస్తుందో చూసి పెట్టుకోండి. గ్రహణ మధ్యకాలం రాత్రి పదిన్నరకు కాస్త ముందు. రెండింటికీ తేడా కొద్ది నిమిషాలే ఉంటే మీ ఇంటి పంచాంగం సరైనదే. మేడ ఎక్కి చూడండి. చంద్రగ్రహణానికి కళ్లద్దాలేవీ అవసరం లేదు.